గేటు కాడి హాజరు

పని లేని రోజున పనికి రావాలె. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తది, కానీ మా ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద అతికించిన కాయితం చెప్పింది అదే. ఆర్డర్లు లేవు, మిషన్లు బంద్, మళ్లా పని దొరికేదాకా లే-ఆఫ్. అంటే ఇంట్ల కూసుంటే సగం జీతం. ఆ సగం కావాలంటే మాత్రం రోజూ పొద్దున ఎనిమిదింటికి గేటు కాడికి వచ్చి, పేరు పిలిస్తే పలికి పోవాలె. రానోడికి ఆ సగం గూడ లేదు.

కరోనా పోయిన రెండేండ్లకు జరిగిన సంగతి. పటాన్‌చెరులో పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ మాది. నేను లేత్ మిషన్ మీద, నా పక్కన గ్రైండింగ్ మీద నా దోస్తు. ఆయనది సంగారెడ్డి, తాతల నాటి నుంచి అక్కడే ఉన్న ముసల్మాన్ ఇల్లు. మాది గుమ్మడిదల దిక్కు పల్లె. భూమి ఉన్నోళ్లమే, కానీ ఫ్యాక్టరీల మురికితోని బోరు నీళ్ల రంగు మారినంక ఆ భూమిల ఏం పండుతది? మిషన్ పట్టిన. ఒకప్పుడు పొలం ఉండెనని ఆయన నన్ను ఎగతాళిగ 'పటేలా' అంటుండె. నేను ఆయనను 'భాయ్' అంటుంటి. ఇరవై యేండ్లకు పైన పక్కపక్కనే నిలబడ్డం. ఇద్దరం ఇస్నాపూర్‌ల కిరాయి అర్రలల్లనే ఉండేది, ఆయన ఒక గల్లి, నేను ఇంకో గల్లి.

మొదటి వారం గేటు కాడ జాతర లెక్క ఉండె. పని లేదు గాబట్టి నేను ఇస్త్రీ అంగి తొడుక్కొని పోయిన. భాయ్ చూసి మొదలుపెట్టిండు.

"ఏంది పటేలా, అత్తగారింటికి వచ్చినవా?"

"నూనె మరకలు అంటయా ఏమన్న? ఉన్న ఒక్క మంచి అంగి ఇప్పుడు గాకుంటే ఎప్పుడు తొడుగుత?"

"తొడుగు తొడుగు. సగం జీతానికి పూర ఇస్త్రీ!"

అందరూ నవ్విండ్రు. వాచ్‌మన్‌ది బీహార్, మా పేర్లన్నీ వంకర తిప్పి పిలుస్తుండె. పిలిచినోడు 'హాజిర్' అని అరిచి, రోడ్డు మీద బండి కాడ చాయ్ తాగి, లారీల దుమ్ములకెళ్లి నడుచుకుంట ఇంటికి పోయేది. రెండో వారానికి నవ్వులు తగ్గినయి. మూడో వారం చాయ్ బండి ఆయన ఉద్దెర బంద్ చేసిండు.

ఇక్కడ మా షెడ్డుల ఉన్న అలవాటు ఒకటి చెప్పాలె. పేర్లు పిలిచేటప్పుడు ఎవడన్న మిషన్‌కు నూనె పోస్తుంటేనో, బాత్రూంల ఉంటేనో, బస్సు దొరకక ఆలిశం అయితేనో, పక్క మిషన్ మీద ఉన్నోడు 'ఉన్నడు' అని పలికేది. ఫోర్‌మన్‌కు తెలుసు. మేనేజర్లకు తెలుసు. అది అబద్ధమని ఎవరమూ అనుకోలేదు. 'వాడు మావాడు, వస్తడు, వాని పనికి జిమ్మేదారి నాది' అని దాని అర్థం. వచ్చేదాకా వాని మిషన్ గూడ మేమే చూసుకునేటోళ్లం. ఆ అలవాటును మేము షెడ్డుల నుంచి గేటు కాడికి తెచ్చుకున్నం. తెచ్చుకుంటున్నమని గూడ మాకు తోచలేదు.

భాయ్ పెండ్లాం, మా భాభీకి, కిడ్నీలు పోయినయి. వారానికి రెండుసార్లు దవాఖానల రక్తం కడిగించాలె. ఫ్యాక్టరీ నౌకరి మీద వచ్చిన ఈఎస్ఐ కార్డు ఉండబట్టి పైసలు లేకుండ నడుస్తుండె. ఆమెకు దొరికింది పొద్దటి వంతు. షిఫ్టులు నడిచినన్ని రోజులు భాయ్ రెండో షిఫ్టు అడిగి తీసుకుంటుండె. లే-ఆఫ్‌ల షిఫ్టు ఎక్కడిది? అందరికీ పొద్దున ఎనిమిదే. అందుకని ఆ రెండు పొద్దులు ఆయన భాభీని తీస్కొని దవాఖానకు పోయేది, వాచ్‌మన్ ఆయన పేరు పిలిస్తే నేను 'ఉన్నడు' అనేది. ఆయన గూడ ఊకుండలేదు. భాభీని ఇంట్ల పండుకోబెట్టి మధ్యాహ్నం ఎండల గేటు కాడికి వచ్చి మొఖం చూపించేది. వాచ్‌మన్ నవ్వి, "మీది అయిపోయింది చాచా, పో, ఎండల ఎందుకొచ్చినవ్?" అనేటోడు.

ఇగ జీతం పడ్డది. ఫోన్ల మెసేజ్ చూసుకొని ఒక్కొక్కడు మళ్లా మళ్లా లెక్క పెట్టిండు. సగం అనుకున్నది సగం లేదు.

నేను ఆరో తరగతి కాడ బడి ఇడిసినోన్ని. చదువు వచ్చింది పొట్లాలు కట్టిన పేపర్ ముక్కలతోని. కార్మిక చట్టాల పుస్తకం ఒకటి, తెలుగుల ఉన్నది, కోఠి ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చి అట్ట ఊడేదాకా చదివిన. అందుకే వాళ్ల తప్పు పట్టుకున్న. మా జీతంల రెండు ముక్కలు ఉంటయి. ఒకటి అసలు వేతనం, ఇంకోటి ధరలు పెరిగిన కొద్దీ పెరిగే కరువు భత్యం. లే-ఆఫ్‌ల ఇయ్యాల్సింది రెండూ కలిపి దాంట్ల సగం. వీళ్లు అసలు వేతనంల సగం ఇచ్చి చేతులు దులుపుకున్నరు. పాత ఓనరు కాలంల ఒకసారి బోనస్ గట్లనే కోసిండ్రు, అప్పుడు ఊకున్నం, ఈసారి ఊకోదల్చుకోలేదు. అర్జీ రాసిన. అందరికంటే ముందు సంతకం పెట్టింది భాయే.

"దవాఖానకు ఆటో కిరాయే సంపుతుంది పటేలా. గట్టిగ రాసినవా?"

"గట్టిగనే రాసిన."

"జెర తిట్టినట్టు గూడ రాయకపోయినవా!"

మా జీతాల లెక్క చూసే పర్సనెల్ ఆఫీసర్ అర్జీ తీసుకున్నడు. చిన్న వయసు, మర్యాద ఉన్న మనిషి. నన్ను కుర్చీల కూసోబెట్టిండు, నీళ్లు తెప్పించిండు. అరుస్తడని తయారై పోయిన నేను ఆ నీళ్లు తాగి మెల్లగ మాట్లాడిన.

"మీరు చెప్పింది కరెక్టే పెద్దాయనా. కంప్యూటర్‌లో పొరపాటు జరిగింది. తేడా మొత్తం ఇచ్చేస్తాం."

"ఎప్పుడు?"

"లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి కదా. హాజరు సరిచూసుకుని వేస్తాం. కాస్త ఓపిక పట్టండి."

నేను గెలిచిననుకొని బయటికొచ్చిన. గేటు కాడ అందరూ నా చుట్టూ మూగిండ్రు. భాయ్ నన్ను ఎత్తుకోబోయిండు, నడుం పట్టేసి ఇడిసిపెట్టిండు. ఆ దినం చాయ్ బండాయన మాకు మళ్లా ఉద్దెర ఇచ్చిండు.

హాజరు సరిచూసుడంటే గేటు మీది కెమెరా చూసుడని మాలో ఎవనికీ తట్టలేదు.

వారం తిరక్కముందే తేడా పైసలు అందరికీ పడ్డయి, భాయ్‌కి తప్ప. ఆయనకు కాయితం వచ్చింది. 'హాజరు కాని రోజుల్లో హాజరైనట్టు మోసపూరితంగా నమోదు చేయించుకున్నారు' అని. పలికిందెవరో కెమెరాల కనబడది, అది మనుషులను చూస్తది గానీ గొంతులను వినది. వాచ్‌మన్‌ను అడిగితే, 'గుంపుల ఎవడు పలికిండో నాకేం ఎరుక సార్' అన్నడట. వాచ్‌మన్‌కు నా గొంతు ఎరుకే, ఆయన రుణం నేను తీర్చుకోలేదు.

ఆ కాయితం పట్టుకొని నేను మళ్లా ఆఫీసర్ కాడికి ఉరికిన.

"ఆయన మధ్యాహ్నం వచ్చిండు సార్. రోజుకొకసారి రావాలె అంతే గద? మీ కెమెరాల మధ్యాహ్నానిది గూడ చూడుండ్రి."

"చూశాం. వచ్చారు. కానీ చట్టంలో ఉన్నది నిర్ణయించిన సమయానికి రావాలని. అది మీకూ తెలుసు."

తెలుసు. భత్యం సంగతి ఉన్న పుస్తకంలనే అది గూడ ఉంది. చదివిన. చదివి దాటిపోయిన.

"పెండ్లాన్ని దవాఖానకు తీస్కపోయిండు, సారా దుకాణానికి పోలేదు."

"మనిషిగా నాకూ బాధే. కానీ లెక్క సరిచేయమని అడిగింది మీరే కదా పెద్దాయనా."

ఆ మాటను ఆయన వెటకారంగ అనలేదు. వెటకారంగ అంటే నేను బల్ల మీద కొట్టి నాలుగు మాటలు అందును. మెల్లగ, పాపమన్నట్టు అన్నడు. అందుకే ఇప్పటికీ మర్చిపోలేదు.

భాయ్ ముందట పెట్టినయి ఇవి: తన తరఫున పలికిందెవరో చెప్తే హెచ్చరికతోని వదిలేస్తరు. చెప్పకుంటే ఎంక్వైరీ పెట్టి నౌకరిల నుంచి తీసేస్తరు. లేదంటే తానే రాజీనామా ఇయ్యొచ్చు, రావాల్సినయన్నీ ఇచ్చి పంపిస్తరు. నౌకరి పోతే కార్డు పోతది. కార్డు పోతే భాభీ గతి ఏంది? మా ఇద్దరి నడుమ ఉన్న మాట అదొక్కటే.

చాయ్ బండి కాడ కూసున్నం.

"నా పేరు చెప్పు" అన్న.

"చెప్త."

"ఊకె చెప్త అనుడు గాదు. రేపే పోదాం. నేను గూడ వస్త. నేనే పలికిన, అలవాటు ప్రకారం పలికిన, ఏం చేస్తరో చేయుండ్రి అంట."

"సరే అన్న గద పటేలా. రేపు ఇద్దరం పోదాం. నీ ఇస్త్రీ అంగి తొడుక్కొని రా."

తెల్లారి ఇస్త్రీ అంగి తొడుక్కొనే పోయిన. భాయ్ రాలేదు. ఎనిమిదికి వాచ్‌మన్ పేర్లు పిలిస్తే ఆయన పేరు పిలవలేదు. అంతకుముందు దినం నన్ను ఇంటికి తోలి, సాయంత్రమే లోపలికి పోయి రాజీనామా ఇచ్చి వచ్చిండట.

నేను ఆఫీసర్ రూంల నిలబడి, ఆయన గాదు నేను అని చెప్పిన. గట్టిగనే చెప్పిన, బయటి గుమాస్తాలు గూడ తలకాయ తిప్పిండ్రు. ఆఫీసర్ తలుపు మూసిండు.

"రాజీనామా ఒప్పుకున్నాం. ఫైలు మూసేశాం. అందులో మీ పేరు లేదు. మీకు రిటైర్‌మెంట్ ఎంతో దూరం లేదు. ఇంటికెళ్లండి."

"నా పేరు రాసుకో సార్."

"రాసుకోను."

తప్పు చేసిన అని ఒప్పుకుంటున్న మనిషి పేరు రాసుకోవడానికి గూడ ఆ ఆఫీసుల కలం లేకపాయె. ఇది ఏ చట్టంల ఉందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

అక్కడి నుంచి సీదా భాయ్ అర్రకు పోయిన. కోపంతోనే పోయిన.

"ఎందుకు చేసినవ్? హెచ్చరికతోని పోయేదానికి!"

"పోయేది గాదు. నీ పేరు చెప్తే ఇద్దరినీ తీస్తరు. ఇద్దరు పోయేకంటే ఒక్కడు నయం."

"నీకెట్ల తెలుసు తీస్తరని?"

"నీకెట్ల తెలుసు తియ్యరని?"

ఆఫీసర్ మాట మీద నిలబడుతుండెనో, ఇద్దరినీ గేటు బయట పెడుతుండెనో, అది ఇగ ఎప్పటికీ తేలదు.

భాయ్ కొల్లూరు దిక్కు అపార్ట్‌మెంట్లల వాచ్‌మన్ పనికి కుదిరిండు. అక్కడ కార్డు లేదు, ఏమీ లేదు. భాభీని సర్కారు దవాఖానకు మార్చిండు. పైసలు అక్కడ గూడ అడగరు, కానీ మనుషులు ఎక్కువ, రక్తం కడిగే మిషన్లు తక్కువ. ఒక్కోసారి పోయిన దినం వంతు దొరకక, ఉబ్బిన కాళ్లతోని తిరిగొచ్చేటోళ్లు.

నేను మాత్రం ఇడువలేదు. బలవంతంగ రాజీనామా తీసుకున్నరని లేబర్ ఆఫీసుకు ఇయ్యాలని అర్జీ తయారు చేసి, భాయ్ సంతకానికని కొల్లూరు పోయిన. ఆయన చదువుతుంటే భాభీ లోపలి నుంచి గోడ పట్టుకుంట వచ్చింది. మనిషి సగమైంది. నా ముందట కూసున్నది.

"అన్నా, ఏ రోజుల గురించి రాసినవ్ దీంట్ల?"

"భాయ్ గేటు కాడికి రాలేదన్న రోజుల గురించి భాభీ."

"అంటే నన్ను దవాఖానకు తీస్కపోయిన రోజులు."

"అవును."

"అవి మళ్లా ఆఫీసులల్ల లెక్కబెడతరా? ఆ పొద్దులు ఈయన యాడున్నడు, నేను యాడున్న అని పరాయోళ్లు అడుగుతరా?" జెరసేపు ఊపిరి తీసుకున్నది. "ఆటోల నా తల ఈయన భుజం మీద పెట్టుకొని పోయిన రోజులన్నా అవి. దొంగ రోజులని ఒకసారి రాసిండ్రు, చాలు. ఇంకోసారి ఎవరితోని రాయియ్యకు."

భాయ్ కాయితం మడిచి నా చేతిల పెట్టిండు. అన్నం తినుమన్నరు, తిన్న. బస్టాపు దాక తోలొచ్చిండు.

"వస్తుండు పటేలా. కాయితం లేకుంట రా."

గట్లనే పోయిన, వీలైనప్పుడల్లా. ఆ వానాకాలం దాటకముందే భాభీ పోయింది. మట్టి ఇచ్చేటప్పుడు నేను భాయ్ పక్కన నిలబడ్డ. ఆ పాత కార్డు ఉంటే ఇంకొన్నాళ్లు బతుకుతుండెనా అని ఆయన నన్ను అడగలేదు. నేను ఆయనను అడగలేదు. ఎవరిని అడగాల్నో, ఏ ఆఫీసుల అడగాల్నో నాకు తెలవదు. తెలిస్తే ఈ వయసుల గూడ పోతుంటి.