ముకర్రం ఇంటి ముందు మలుపు

మర్గిలాన్ పట్నంలో పట్టు మిల్లు వెనక వీధిలో ముకర్రం ఇరవై రెండేళ్లుగా నాన్ రొట్టెలు కాల్చి అమ్ముతోంది. తెల్లవారగానే వాటిని చంటిపిల్లల తోపుడుబండిలో పేర్చి, దుప్పటి కప్పి బజారు దాకా తోసుకెళుతుంది. ఆ వీధిలో గుంట ఎక్కడుందో, లారీ వస్తే ఎక్కడ ఒదగాలో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు.

ఆ వసంతంలో ఇక్బాల్‌జాన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. పేటపెద్ద హోమిద్ ఇంటి పందిరి కింద అందరినీ కూర్చోబెట్టి, ఆ వీధికి తాను గీసిన పటం పరిచాడు. తిన్నగా, వెడల్పుగా రోడ్డు. వీధి వెంట పారే కాలువ అందులో లేదు, దాని గట్టు మీది మల్బరీ చెట్లూ లేవు. మగవాళ్లు టీ తాగుతూ తలలూపారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ముకర్రం అడిగింది. "ఇందులో నడిచేవాళ్లెక్కడ బాబూ?"

"పక్కన నడుస్తారక్కా."

"పక్కన నువ్వు గోడ గీశావుగా!"

అందరూ నవ్వారు. "రొట్టెలు కాల్చుకోక నీకెందుకమ్మా రోడ్ల గొడవ?" అన్నాడు హోమిద్.

"రోజూ బండి తోసేది నేను కదన్నా! ఈ అబ్బాయిని రేపు పొద్దున ఒక్కసారి తోసి చూడమను."

ఇక్బాల్‌జాన్ నిజంగానే వచ్చాడు. బడి దగ్గర ఎదురుగా లారీ రావడంతో గోడకు అతుక్కుపోయాడు. బండి ఒరిగి రెండు రొట్టెలు బురదలో పడ్డాయి. చెమట తుడుచుకుని, "మీరైతే ఎలా గీస్తారక్కా?" అన్నాడు.

ఆ ఆదివారం వీధి వీధంతా బయటికొచ్చింది. సైదుల్లో అనే లారీ డ్రైవరు తన బండికి ఎంత చోటు కావాలో నడిపి చూపించాడు. ఆడవాళ్లు నేల మీద సున్నంతో గీతలు గీశారు. కాలువ ఉండాలన్నారు, చెట్లుండాలన్నారు, వాటి నీడన నడకదారి కావాలన్నారు. బళ్లు నెమ్మదించడానికి ఒక మలుపు పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి గీత ముకర్రం పెరటి గోడ దాటి లోపలికి పోయింది. అక్కడే ఆమె తందూరు ఉంది.

"చెట్లు కొట్టేస్తే గోడ జోలికి పోనక్కర్లేదక్కా," అన్నాడు ఇక్బాల్‌జాన్ మెల్లగా.

"ఏమ్మా, ఇప్పుడు నోరు పెగలదేం?" అన్నాడు హోమిద్.

ముకర్రం లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ తందూరు అత్తగారూ తానూ కలిసి, మట్టిలో గొర్రె ఉన్ని తొక్కి కట్టినది. అత్తగారు పోయి పదకొండేళ్లయింది. రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. పేట రొట్టె లేకుండానే టీ తాగింది. మూడోరోజు ఆమే గడ్డపార పట్టుకుని బయటికొచ్చింది. "చెట్టు కొడితే మళ్లీ ఎదగడానికి ముప్ఫయ్యేళ్లు పడుతుంది. పొయ్యి ఇంకోటి కట్టుకోవచ్చు. పట్టండి," అంది.

మొదటి దెబ్బ వేశాక, రాలిన మట్టిపెళ్లను వంగి చేతిలోకి తీసుకుంది. గడ్డపార అందుకున్నది హోమిద్. "కూర్చోమ్మా, నేను చూసుకుంటా," అన్నాడు, ఆమె ముఖంలోకి చూడకుండా. వారం రోజులు అతనే మట్టి మోశాడు.

ఆకురాలే కాలానికి రోడ్డు పూర్తయింది. పిల్లలు చెట్ల కింద నుంచి బడికి నడిచి వెళుతున్నారు. కొత్త తందూరు మాత్రం మాట వినలేదు. రొట్టెలు దాని లోపలి గోడకు అంటక బూడిదలో పడేవి. ముకర్రం పొయ్యిని తిడుతూనే బండి నింపుకునేది. ఇరుగుపొరుగు ఆ రొట్టెల్నే కొని, బూడిద దులుపుకుని తిన్నారు. వంక పెట్టినవాళ్లు లేరు. చలి ముదిరాక గానీ ఆ పొయ్యి దారికి రాలేదు.