కొలత పలక నా చేతిలోనే ఉంది

2011 మే నెలలో స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో నేను కొలతల సహాయకురాలిగా చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. నడవలేని పేదవాళ్లకు చక్రాల కుర్చీలు ఇవ్వడం మా పని. జనగామ నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి దాకా మేమే తిరిగేవాళ్లం. అప్పుడివన్నీ ఒకే వరంగల్ జిల్లా. తర్వాత చాలా ఏళ్లకు సంస్థ తన పని ముగించుకుంది, నేనూ ఆ పని మానుకున్నాను. ఆ ఉద్యోగం గురించి అడిగేవాళ్లకు నేను చెప్పే సంగతులు చాలా ఉన్నాయి. ఇది మాత్రం ఇంతవరకు చెప్పలేదు. డైరీలో ఉంది.

కుర్చీలు పంచడమంటే దుప్పట్లు పంచడం లాంటిదే అనుకుంటారు చాలామంది. దుప్పటి ఎవరికైనా సరిపోతుంది, కుర్చీ సరిపోదు. మా దగ్గర పెద్దవాళ్లకు పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది అంగుళాల సీట్లుండేవి. సీటు వెడల్పయితే మనిషి ఒక పక్కకు ఒరిగిపోయి వెన్ను వంకరపోతుంది. ఇరుకైతే తుంటి ఎముక దగ్గర చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు నడుము కింద స్పర్శ ఉండదు కాబట్టి పుండు పడుతున్న సంగతి వాళ్లకే తెలియదు. చూసేసరికి ఎముక దాకా పోయి ఉండవచ్చు.

అందుకని ఒక నియమం ఉండేది. మనిషిని గట్టి, చదునైన చోట కూర్చోబెట్టి కొలవాలి. పల్లెల్లో బల్లలు దొరకవు కనుక మేమే ఒక చెక్క పలక వెంట తీసుకెళ్లేవాళ్లం. మంచం మీద ఆ పలక వేసి, దాని మీద కూర్చోబెట్టి, టేపు పట్టాలి. టేపు పట్టేది ఫిజియోథెరపిస్ట్. పలక మోయడం, ఫారం నింపడం సహాయకురాలి పని. కుర్చీ బిగించి సరిచూసేది టెక్నీషియన్. ఆ టెక్నీషియన్ ఖాదర్ భాయ్, ఘన్‌పూర్ వాడే. జీపు నడిపేదీ ఆయనే. ఫిజియోథెరపిస్ట్ స్వరూప.

స్వరూపది మరిపెడ. మేమిద్దరం ఒకే రోజు చేరాం, ఒకే గదిలో అద్దెకున్నాం. ఆమె నాకంటే ఒక మెట్టు పైన, చదువు అలాంటిది. దానికి నాకు బాధ లేదు. ఆమె ఏ ఊళ్లో దిగినా పది నిమిషాల్లో ఆ ఊరి ఆడపిల్ల అయిపోయేది. అవ్వలు ఆమె జడ సవరించేవాళ్లు. పిల్లలు ఆమె టేపు పట్టుకుని వెంట నడిచేవాళ్లు. నేను మూడు నెలలు తిరిగిన ఊళ్లో కూడా నన్ను "ఆ ఇంకో పిల్ల" అనేవాళ్లు. నాకు మాట తొందరగా రాదు. సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకముండేది, మనుషులు ఎక్కువైనప్పుడు దాన్ని తెరిచేదాన్ని.

జూన్‌లో ఒకరోజు హైవే మీద వంటావార్పు జరుగుతోంది. తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుంటున్నారు. మా జీపు ఆపారు. స్వరూప చటుక్కున దిగి, వాళ్ల బంతిలో కూర్చుని పప్పన్నం తిన్నది, పాట అందుకుంది. నేను జీపులోనే ఉన్నాను. ఒకాయన కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏం చెల్లె, నువ్వు దిగవా? మా బువ్వ నీకు ఎక్కదా?"

"లేదండీ, నాకు ఆకలిగా లేదు," అన్నాను. పుస్తకాల్లోంచి వచ్చిన మాట అది. భయమేస్తే నాకు అదే వస్తుంది.

"అండీ అంటుందిరో! ఆంధ్రమ్మ దొరికింది జూడున్రి!" అని ఆయన కేకేశాడు. అందరూ నవ్వారు. స్వరూప చేయి కడుక్కుంటూ వచ్చింది. "ఓ అన్నా, మా లతది జనగామనే. గీ పిల్ల మనుషులతోటి కంటె బుక్కులతోటి ఎక్కువ మాట్లాడ్తది, గంతే" అంది. మళ్లీ నవ్వారు. దారి వదిలారు.

ఆమె నన్ను కాపాడింది. ఆ రాత్రి డైరీలో మాత్రం నేను ఇలా రాసుకున్నాను: "నా ఊరు కూడా ఆమె చెబితేనే నాదవుతుందా?"

జూలైలో కొడకండ్ల వైపు ఒక తండాకు వెళ్లాం. అక్కడ జమున అనే ఆమె ఉంది, మాకంటే రెండు మూడేళ్లు పెద్ద. రెండేళ్ల కింద పత్తి లోడు మీద నుంచి పడి నడుము విరిగింది. అప్పటి నుంచి ఇల్లు దాటలేదు. బట్టలు కుట్టడం వచ్చు. చేత్తో తిప్పే మిషను ఇంట్లో ఉంది, కానీ పడుకుని ఎలా కుడుతుంది? కుర్చీ వస్తే వాకిట్లో కూర్చుని కుట్టుకోవాలని ఆమె కోరిక. తల్లి ద్వాలి ముసలామె, బిడ్డను ఒక్కతే ఎత్తి దించుతోంది.

స్వరూప వెళ్లగానే "యాడీ" అని పిలిచింది. వాళ్ల లంబాడీ భాషలో అమ్మ అని. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. ద్వాలి మొహం విప్పారింది. జమునను ఎత్తి నులక మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె చెమటలు పట్టి ఆయాసపడుతోంది. నులక బాగా సాగిపోయి మధ్యలో గుంతలా ఉంది. పలక వేయాలంటే ఆమెను మళ్లీ లేపాలి.

స్వరూప నా వైపు చూడలేదు. "పరేషాన్ గాకక్కా, గిట్లనే కూసో. మల్లొకసారి లేపుడు ఎందుకు?" అని అలాగే టేపు పట్టింది. జాలితో చేసిన పనే. కానీ గుంతలో కూర్చున్న మనిషి తుంట్లు దగ్గరికి ముడుచుకుంటాయి. కొలత తక్కువ వస్తుంది. ఆ సంగతి మాకు నేర్పిన మొదటి రోజే నేర్పారు.

పలక నా చంకలోనే ఉంది. "స్వరూపా, పలక" అంటే చాలు. రెండే మాటలు.

"పదమూడున్నర, రాయి లతా" అంది. రాశాను. పద్నాలుగు అంగుళాల కుర్చీ అని కూడా నేనే రాశాను. ఆ రోజు నోరు రాలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. డైరీ అలా అనడం లేదు. "ఇది రెండు వారాల తనిఖీలో బయటపడుతుంది. ఫారం మీద ఉన్నది ఆమె సంతకం" అని రాసి ఉంది, కింద గీత గీసి.

తనిఖీ అంటే, కుర్చీ ఇచ్చిన రెండు వారాల్లో మేం ఇంటికి వెళ్లి చూసిరావాలి. తప్పులు అక్కడే దిద్దుతాం. ఆ రెండు వారాల్లో ఏం కాదులే అనుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో పంపిణీ జరిగింది. షామియానా, మైకు, దండలు. మామూలుగా ఖాదర్ భాయ్ ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, తుంటికీ కుర్చీ పక్కకూ మధ్య వేళ్లు దూరతాయా అని చూస్తాడు. ఆ రోజు పెద్దమనుషులు ఫోటోల కోసం తొందరపెట్టడంతో అది జరగలేదు. జమున కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె చీర రెండు పక్కలా కుర్చీ రేకులకు అతుక్కుని ఉండటం నేను చూశాను. ఆమె స్వరూప చేయి పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. నేను ఫారాల మీదికి తల దించుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి. మా కోఆర్డినేటర్ తనిఖీలన్నీ వాయిదా వేశారు. రెండు వారాలు దాటాయి. మూడో వారం దాటింది. స్వరూప రోజూ ధర్నా టెంటుకు వెళ్లి వచ్చేది. నేను గదిలో కూర్చుని చదివేదాన్ని. అక్షరాలకు అడ్డంగా ఆ చీర అంచులు కనిపించేవి. కొలత పొరపాటని తెలిసింది ఈ భూమ్మీద నాకొక్కదానికే. జమున ఒంటికి కూడా తెలియదు.

నాలుగో వారంలో స్వరూపకు చెప్పాను. ఆమె అన్నం కలుపుతోంది. చేయి ఆగిపోయింది.

"పలక నీ చేతులనే ఉండె గద?"

"ఉండె."

"మరెందుకు చెప్పలే?"

ఆమె నా మొహంలోకి చూసింది. అర్థమైందనుకుంటాను. కంచం అలాగే వదిలి ఖాదర్ భాయ్ ఇంటికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే జీపులో పదహారు అంగుళాల కుర్చీ వేసుకుని బయల్దేరాం. దారిలో మూడు చోట్ల ఆపారు. కుర్చీ చూపించి ఖాదర్ భాయ్ "బీమార్ బిడ్డకు తీస్కపోతున్నం అన్నా, జర జాగ ఇయ్యిన్రి" అంటే వదిలారు. స్వరూప దారి పొడవునా పాడలేదు.

జమున వాకిట్లో ఉంది. మిషను ముందు, కుర్చీలో. పక్కన కుట్టిన జాకెట్లు మడత పెట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి మొహం వెలిగిపోయింది. "పొద్దుగాల గూసుంటె మాపటికి గని దిగుతలేను చెల్లె. దిగబుద్ధి గాదు" అంది.

లోపలికి తీసుకెళ్లి చూశాం. కుడి తుంటి ఎముక మీద చర్మం ఊడి, లోపల మాంసం కనిపిస్తోంది. చుట్టూ నల్లగా కమిలింది. ఆమెకు నొప్పి లేదు. మా మొహాలు చూసే భయపడింది. పుండు మానేదాకా ఒక్క రోజు కూడా కూర్చోకూడదని, బోర్లా పడుకోవాలని స్వరూప చెప్పింది. ఎన్ని రోజులని జమున అడిగింది. నెలలు పట్టవచ్చని చెప్పింది.

ద్వాలి గుమ్మంలో కూలబడింది. "రెండేండ్లు పండుకుంది నా బిడ్డ. లేపింది మీరె, మల్ల పండవెట్టింది మీరె" అంది.

"తప్పు నాదే యాడీ. నేనే కొల్చిన" అంది స్వరూప.

అప్పుడు నేను మాట్లాడాను. ఆ తండాలో నేను మొదటిసారి నోరు తెరవడం అదే. "నేను గూడ చూసిన. తప్పని తెలుసు. చెప్పలే" అన్నాను. జమున నా వైపు తిరిగి చూసింది. పుండు కడిగేటప్పుడు పట్టుకోవడానికి చేయి చాచింది, స్వరూప వైపు. తప్పు కొలిచిన మనిషి చేయే ఆమెకు కావాలి. చెబితే సిగ్గుచేటు గానీ, నాకు ఆ క్షణంలోనూ అసూయే కలిగింది.

ఇరుకు కుర్చీని జీపులో వేసుకుని, పెద్దదాన్ని అక్కడే గోడ పక్కన ఉంచి వచ్చాం. సమ్మె ముగిసే దాకా రెండు రోజులకొకసారి వెళ్లి కట్టు కట్టాం. తర్వాత వారానికోసారి. సంక్రాంతి దాటాక జమున కొత్త కుర్చీలో కూర్చుంది. మొదట పూటకు పావుగంట, ఆ తర్వాత అరగంట. ఖాదర్ భాయ్ వేళ్లు పెట్టి చూశాడు, దూరాయి. జనం చేతిలో డబ్బుండి బట్టలు కుట్టించుకునే ఆ పత్తి సీజనంతా ఆమెకు కుట్టుపని పోయింది. అది తిరిగిరాలేదు.

నివేదికలో స్వరూప తన పేరు ఒక్కటే రాసింది. నేను దాని కింద ఇంకో పేరా రాసి నా పేరు పెట్టాను. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. మరుసటి ఏడాది ఆమె పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. మేం మళ్లీ స్నేహితులం కాలేదు.

ఫారం మార్చమని కోఆర్డినేటర్‌ను అడిగింది నేనే. "కొలత తీసినవారు" అన్న గడి పక్కన "దగ్గర ఉండి చూసినవారు" అని ఇంకో గడి చేరింది. తర్వాతి సంవత్సరాలన్నీ ఆ గడిలో నేను సంతకాలు చేశాను, నా కింద పనిచేసినవాళ్ల చేత చేయించాను. చేయి తప్పి చేసిన పొరపాటు కాగితం మీద ఎప్పటికైనా దొరుకుతుంది. చూసి ఊరుకున్నవాళ్లది దొరకాలంటే వాళ్లకూ ఒక గడి ఉండాలి.