పొమ్మనే ముఫ్తీసాబు

ముఫ్తీసాబుకు కోపం వచ్చేది కాదు; ఎప్పుడో వచ్చిన కోపం తిరిగి వెళ్లకుండా ఆయన దగ్గరే కాపురం పెట్టేసింది. ఏది ధర్మం, ఏది కాదు అని అడగడానికి మసీదు పక్కన మేడమీది గదికి ఎవరొచ్చినా, ప్రశ్న సగంలో ఉండగానే "నడు బయటికి!" అని గర్జించేవాడు. జవాబు మాత్రం వాళ్లు గడప దాటి చెప్పు తొడుక్కుంటున్నప్పుడు వచ్చేది. అందుకే తెలిసినవాళ్లు ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడేవాళ్లు.

ఆయన జుబ్బాలు కుట్టే దర్జీ ఆమెకు ఇదంతా కొట్టినపిండి. ఆమెకు కొలతలిస్తూ, బార్లా చాపిన చేతులు దించకుండానే ఆయన వచ్చినవాళ్లను దులిపేసేవాడు. ఆ ఊపుకి ఛాతీ ఉబ్బి టేపు బిగుసుకుపోయేది. ఆ కొలతకు కుడితే జుబ్బాలో ఇద్దరు పడతారని, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆమె మళ్లీ కొలుచుకునేది.

ఒకసారి బట్టల వ్యాపారి వచ్చాడు. "చిరుగున్న బట్ట బాగుందని నేను చెప్పను, ముఫ్తీసాబూ. కొనేవాడూ అడగడు. మడత పెట్టి ఇచ్చేస్తాను. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

"మడతలో ఉంది! నడు బయటికి!"

వ్యాపారి చెప్పు తొడుక్కున్నాడు.

"చిరుగు పైకి పెట్టి చూపించి అమ్ము. కొంటే హలాల్. కొనకపోతే నీ ఖర్మ!"

ఇంకోసారి కొత్త పెళ్లికొడుకు. "భార్య జీతం మీద భర్తకు హక్కుంటుందేమో కనుక్కోమని మా స్నేహితుడు..."

"ఆ స్నేహితుడు నీ చొక్కాలోనే ఉన్నాడు. ఇద్దరూ నడవండి బయటికి!" అతను చెప్పు తొడుక్కుంటుంటే జవాబొచ్చింది. "ఆవిడ సంపాదన ఆవిడది. ఇల్లు నడపాల్సింది నువ్వు. ఇస్తే ఆవిడ దయ, లాక్కుంటే దొంగతనం!"

లోపలి గదిలోంచి ఆయన భార్య కేకేసేది. "కాస్త మెల్లగా! గోడ సున్నం రాలుతోంది."

అలా నవ్వుకుంటూ వినే దర్జీ ఆమె, ఒకనాడు తానే ఆ చాప మీద దోషిలా కూర్చోవాల్సి వచ్చింది.

తండ్రి పోయాడు. అన్నలిద్దరూ ఇల్లు అమ్మేద్దామన్నారు. ఆమె ఉంటున్నది ఆ ఇంట్లోనే, వెనక గదిలో. భర్త పోయినప్పటినుంచి కుట్టుమిషన్‌తో అక్కడే బతుకు. చెల్లెలు వాటా వదిలేసుకుందని ముఫ్తీ నోటితో అనిపించుకుంటే నలుగురిలో మాట రాదని అన్నల ఎత్తు. "అడిగితే ఊఁ అను. అన్నలు కావాలా, గోడలు కావాలా?" అని దారిపొడుగునా నూరిపోశారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ మంటను ఇస్త్రీ చేసి, మడతపెట్టి, లోపలే దాచుకుంది.

"మా చెల్లెలు బంగారం, ముఫ్తీసాబూ," అన్నాడు పెద్దన్న. "తన వాటా ఇష్టంగా మాకు..."

"నువ్వు చెప్పు!" ముఫ్తీ ఆమె వైపు తిరిగాడు. "వదిలేస్తున్నావా?"

ఆమె చాపను చూస్తూ తలూపింది.

"నడవండి బయటికి!"

ముగ్గురూ లేచారు. "నువ్వు కూర్చో!" అన్నాడామెతో. అన్నలు గడప దగ్గర ఒక చెప్పు తొడుక్కుని, అలవాటుగా జవాబు కోసం ఆగారు.

"రెండోదీ తొడుక్కోండి! మెట్లు దిగి వీధిలో నిలబడండి!"

ఆయన భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఇక ముఫ్తీ తిట్లన్నీ దర్జీ ఆమెకే.

"ఎక్కడుంటావ్? మిషన్ నెత్తిన పెట్టుకుని తిరుగుతావా? అల్లా ఇచ్చిన హక్కు వద్దనడానికి నువ్వెవరు? నోరు లేదా, దాన్నీ అన్నలకే రాసిచ్చావా?"

"ఉంది!" ఆమె దిగ్గున లేచింది. "ఉంది నోరు! వినేదెవరు? వాళ్లు నోరు మూయిస్తారు, మీరు నోరు లేదంటారు! నాన్న మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టింది నేను. వీళ్లు గుమ్మంలోంచే చూసి పోయారు. ఆ గది నాది! వదలను, చచ్చినా వదలను!"

అరుపు కిటికీ దాటి వీధంతా వినిపించింది. తన గొంతు అంతుందని ఆమెకే తెలియదు. ముఫ్తీని చూసింది. ఆయన గడ్డం చాటున నవ్వుతున్నాడు.

"మెత్తగా అడిగితే అందరూ సరే అనేస్తారమ్మా," ఆయన భార్య మంచినీళ్ల గ్లాసు అందించింది. "అందుకే ఈయన ముందు మండిస్తాడు. నిజం అప్పుడు గానీ బయటపడదు."

ముఫ్తీ కిటికీలోంచి వంగాడు. "విన్నారా? మొహమాటపెట్టి, భయపెట్టి వదిలించిన వాటా చెల్లదు! ముందు ఆమెది ఆమె చేతిలో పెట్టండి. తర్వాత ఆమె మనసారా ఇస్తే కానుక. ఇవ్వకపోతే నోరెత్తకండి!"

"మెల్లగా, ముఫ్తీసాబూ," చిన్నన్న కిందనుంచి బతిమాలాడు. "పరువు పోతోంది."

"ఉంటేగా పోవడానికి!"

అన్నలు ముఖాలు మాడ్చుకుంటూనే, వాటా కింద వెనక గది ఆమె పేర రాశారు. ఆ మాట చెప్పడానికి ఆమె మేడ మెట్లెక్కింది. చెప్పింది కానీ, మనసులో ఏదో పీకుతూనే ఉంది.

"ఆరోజు మీ మీద అరిచాను. అది పాపమా, ముఫ్తీసాబూ?"

"పెద్దల మీద అరవడం తప్పు కాక ఒప్పవుతుందా? క్షమించమని అడుగు!"

"క్షమించండి."

"క్షమించాను." ఆయన లోపలి గదివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "అన్నలు మళ్లీ పేచీ పెడితే మాత్రం తిన్నగా వాళ్ల దగ్గరికి పోకు. ముందు ఇక్కడికొచ్చి నా మీద కాసేపు అరిచి, గొంతు సవరించుకుని వెళ్లు."