వియ్యపురాలి చక్రాల కుర్చీ వెనక బొంబాయికి

మా అమ్మాయి మొదటి కాన్పు జనగామలో, నా ఇంట్లో జరగాల్సింది. ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు రైల్‌రోకో అంటుండగానే నెలలు నిండి బొంబాయిలోనే కన్నది. ఆ హక్కు ఎలాగూ పోయింది, మనవణ్ని మొదట ఎత్తుకునేదైనా నేనే కావాలని పంతం పట్టాను. అడ్డు ఒక్కటే. ఘనపూర్ నుంచి మా వియ్యపురాలు కూడా బయల్దేరింది. రైళ్ల మీద నమ్మకం లేక, పిల్లవాడికి మూడో నెల రాగానే అల్లుడు ఇద్దరికీ విమానం టికెట్లు తీశాడు.

తెల్లవారి ఐదింటికి జనగామలో జీపెక్కి ఎనిమిదిన్నరకు శంషాబాద్ చేరాం. కౌంటర్లో పేరు చెప్పగానే వియ్యపురాలికి చక్రాల కుర్చీ వచ్చింది. ఆమె మోకాళ్లు అరిగాయని అల్లుడు టికెట్ తీసేటప్పుడే చెప్పాడట. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, అప్పుడే చెప్పాలి.

కుర్చీ నెట్టే అతన్ని అడిగాను. "దీనికెంత తీసుకుంటవు తమ్మీ?"

"పైసలేం లేవమ్మా, ఉత్తదే."

కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. బేరం లేకుండా ఉత్తగా వచ్చేది పక్కవాళ్లకు దొరికితే నాకు కడుపు మంట. "నాకు సుత మోకాళ్లు నొస్తయి," అన్నాను. అతను నా కాళ్ల వంక చూశాడు. అప్పటికే నేను రెండు సంచులతో అతని కంటే ముందు నడుస్తున్నాను.

తనిఖీ దగ్గర మాకు పొడవాటి వరస, కుర్చీకి వేరే దారి. "సంచి నా ఒళ్లె పెట్టు వదినె, మోసుడెందుకు?" అంది వియ్యపురాలు.

"వద్దు వదినె, అలవాటే."

సంచిలో నేను కొన్న వెండి కడియాలున్నాయి. ఆమె ఒడిలోంచి తీస్తే ఆమె ఇచ్చినట్టే ఉంటుంది.

విమానంలోకీ ఆమెనే ముందెక్కించారు. నా పక్క సీటతనిది మహబూబాబాద్ దగ్గర దంతాలపల్లి. నా గోడు విని నవ్వాడు. "పరేషాన్ గాకక్కా. కుర్చీలోళ్లను ఆఖరుకు దించుతరు."

విమానం ఆగడమే ఆలస్యం, పరుగు తీశాను. బయట అమ్మాయి చేతుల్లోంచి పిల్లవాణ్ని అందుకున్నాను. మొదట నేనే! వాడు నా మొహం చూసి గుక్కపట్టాడు. ఊపాను, కడియాలు గలగలలాడించాను. ఏడుపు ఆగలేదు. అంతలో కుర్చీ వచ్చింది.

"ఇటియ్యి వదినె, చేతులు గుంజుతున్నయేమో."

ఇవ్వక తప్పలేదు. కుర్చీ నాలుగు గజాలు కదిలిందో లేదో, వాడు నిద్రపోయాడు.

"చూసినవా అమ్మా, అత్తమ్మ ఒళ్లె ఎట్ల పండిండో!" అంది నా కడుపున పుట్టినదే.

వారం తిరిగేసరికి నా మోకాలు నిజంగానే వాచింది. తిరుగు ప్రయాణానికి అల్లుడు రెండు కుర్చీలు చెప్పాడు. బొంబాయి విమానాశ్రయం గుమ్మంలో దర్జాగా కూర్చుని, ఒడి పరిచి పిల్లవాణ్ని అడిగాను. ఈసారి ఏడవలేదు. నా ఒళ్లో పడుకుని, పక్క కుర్చీ వైపు చూసి నవ్వాడు.

శంషాబాద్‌లో అందరూ దిగిపోయారు. కుర్చీల కోసం ఎదురుచూస్తూ ఖాళీ విమానంలో మేమిద్దరమే మిగిలాం. దారి పొడుగునా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నానని ఆమె కనిపెట్టింది.

"వాడు నన్ను చూసి నవ్వలే వదినె. కుర్చీ చక్రాలను చూసి నవ్విండు."

నన్ను ఊరడించడానికే అంది, మంచిమనిషి. కానీ చక్రాలు నా కుర్చీకీ ఉన్నాయి కదా!