నొప్పి తగ్గిన మధ్యాహ్నం

మొన్న కడుపునొప్పితో ఆస్పత్రిలో చేరాను. ఇన్నేళ్ళు ఊరందరి పొట్టలూ తడిమినదాన్ని, నా పొట్ట ఇంకొకరికి అప్పగించి పడుకోవడం నామోషీగానే ఉంది. పరీక్షలన్నీ అయ్యాక, మనవరాలి వయసున్న డాక్టరమ్మాయి వచ్చి "నొప్పి ఎలా ఉందండీ?" అంది. ఇంటికి పోవాలన్న తొందరలో "తగ్గిపోయిందమ్మా" అన్నాను. ఆ పిల్ల నా మాట పట్టించుకోకుండా స్టూలు లాక్కుని కూర్చుని, నా మణికట్టు పట్టుకుని, గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. నిజానికి నాకు కోపం రావాలి. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా మావయ్య గుర్తొచ్చాడు.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో మావయ్య విజయనగరం దగ్గర ఓ ఆస్పత్రిలో సర్జను. నేను డాక్టరు చదువు పూర్తిచేసి ఆయన దగ్గరే చేరాను. ఇంట్లో మావయ్య, వార్డులో సార్. ఒకసారి అందరి ముందూ నోరుజారి "మావయ్యా" అంటే, ఇంకెవరినో పిలుస్తున్నానన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన టేబుల్ మీద ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటుండేది. కష్టమైన కేసు వస్తే, ఆయన నోరు విప్పకముందే కుర్ర డాక్టర్లమంతా మా నిర్ణయం, దానికి కారణం చీటీ మీద రాసి, సంతకం పెట్టి అందులో వెయ్యాలి. తనూ వేసేవాడు. రోగి సంగతి తేలాకే విప్పడం. "నేను సెప్పీసినాక అందరూ తెలివైనోళ్ళే. ముందు రాయండి" అనేవాడు. పెద్ద చదువులు చదివినా ఆ యాస ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదిలించుకోవాలనుకోలేదు.

ఒకనాటి పొద్దున్న నెల్లిమర్ల మిల్లులో పనిచేసే పాతికేళ్ళ మనిషిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం. చుట్టుపక్కల టైఫాయిడు తిరుగుతున్న రోజులు; అదేనో, అపెండిక్సో తేలలేదు. మావయ్య రెండు చేతులూ రుద్దుకుని వెచ్చజేసుకుని, పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గోడ అవతలి మాటలు వింటున్నవాడిలా చాలాసేపు కూర్చున్నాడు. "సూద్దాం. గంటగంటకీ నాడి రాయండి" అని వెళ్ళాడు.

మధ్యాహ్నం నేను వార్డులోకి వెళ్ళేసరికి అతను లేచి కూర్చుని నవ్వుతున్నాడు. తల్లి అయితే రెండు చేతులూ ఎత్తి దణ్ణాలు పెడుతోంది. "రామతీర్థం రాముడికి ముడుపు కట్టీసినానమ్మా. గడియలో నొప్పి పోనాది. మమ్మల్ని పంపీండి!" ఆమె సంతోషం నాకూ అంటుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వెంటనే చీటీ తీసి "నొప్పి తగ్గింది. సాయంత్రం పంపవచ్చు" అని రాసి డబ్బాలో పడేశాను. ఆ గంట నాడి చూడలేదు. అతని నవ్వు చూసి ఊరుకున్నాను.

మావయ్య వస్తూనే అతని మణికట్టు పట్టుకున్నాడు. నిండా నిమిషం. మేమైతే పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్ళం. ఆయనకది గిట్టేది కాదు. చెయ్యి వదిలి, చీటీ రాసి డబ్బాలో వేసి, "థియేటరు సిద్ధం చెయ్యండి" అన్నాడు.

తల్లి గొల్లుమంది. "తగ్గినోడి కడుపు కోస్తారేటి బాబూ? నానొప్పను!" ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వెయ్యనని చెయ్యి కొంగులో దాచుకుంది. ఆమెకు ఒక్కడే కొడుకు. మావయ్య వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చుని, సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచాడు.

"సూడప్పా, ముడుపు కట్టినావు, మంచి పని సేసినావు. నొప్పి తగ్గినాది గాని నాడి పరుగు తగ్గలేదు, ఇంకా ఎక్కువైనాది. లోపల పగిలినప్పుడు కూడా నొప్పి ఇలాగే సల్లారతాది. ఆ ముడుపు అట్టుకుని రామతీర్థం కొండకి నీ కొడుకే నడిసెల్లాలి గదా. అందుకే ఇప్పుడే కొయ్యాలంతన్నాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది.

పొట్ట తెరిచేసరికి చీము. అపెండిక్స్ పగిలి ఉంది. నా చీటీ మాట వినుంటే ఈపాటికి అతను ఇంటిదారి పట్టి ఉండేవాడు, అక్కడ చనిపోయేవాడు. అంతవరకూ నేను చూసిన మావయ్య ఈయనేనా అనిపించింది. ఆ వేళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

అతను గండం గడిచి అన్నం తింటున్న రోజున డబ్బా విప్పాం. మావయ్య చీటీలో "నొప్పి తగ్గింది. నాడి తగ్గలేదు. కొయ్యాలి" అని ఉంది. నాది చదివి ఆయన డబ్బా అడుగునుంచి పసుపురంగు తిరిగిన పాత చీటీ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన రాతే. "నొప్పి తగ్గింది. పంపవచ్చు."

"ఆ మడిసి మరి తిరిగి రాలేదు. నాకు నేర్పినోడు ఆడే" అన్నాడు. చీటీలు సర్దుతూ, "నీ చీటీ కూడా పారీకు. ఉంచుకో" అన్నాడు.

కొన్ని నెలలకి తల్లీకొడుకులు గుండ్లు చేయించుకుని, ప్రసాదంతో వచ్చారు. "రాముడే మీ సేత కోయించినాడు బాబూ" అందామె. "అవునప్పా" అని మావయ్య ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు.

డాక్టరమ్మాయి నా చెయ్యి వదిలి, "ఈ రోజుకి ఉండిపోండి" అంది. నేను దుప్పటి పైకి లాక్కున్నాను. ఆమెకిది ఎవరు నేర్పారో, వాళ్ళకి నేర్పిన మనిషి ఎక్కడ తిరిగిరాకుండా పోయాడో అడగలేదు. యాభై ఏళ్ళు ఎటు పోయాయో తెలియదు గాని, ఆ నిమిషం మాత్రం అలాగే ఉంది, ఎవరో ఒకరు కూర్చుని దాన్ని నిండుగా లెక్కపెడుతూనే ఉన్నారు.