బీడులో ఎర్రది, కొట్టంలో తెల్లది

నాయన పోయేనాటికి మాకు రెండు ఆడగుర్రాలు మిగిలాయి. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. గుంటూరు స్టేషను ముందు జట్కాలు నిలబడే చోటంతా అప్పటికే ఆటోలతో నిండిపోయింది. గుర్రాలకు మిగిలిన పనల్లా పెళ్లికొడుకుల్ని ఊరేగించడమే. దానికి అందరూ అడిగేది తెల్లగుర్రాన్నే. అందుకని పంపకాల రోజున సిగ్గు విడిచి, తెల్లది నాకు కావాలన్నాను. అన్న అడ్డు చెప్పలేదు. "తీసుకోరా, చిన్నోడివి" అని దాని కళ్ళెం నా చేతిలో పెట్టాడు.

కోరుకున్నది దొరికింది కనక సంతోషపడాలి. కానీ అంత తేలిగ్గా ఎందుకిచ్చాడన్న అనుమానం ఆ రోజునుంచే పట్టుకుంది. ఎర్రదాంట్లో నాకు కనిపించని మంచి ఏదో అన్నకి కనిపించిందేమో అనుకున్నాను.

నల్లపాడులో మా ఇద్దరి కాపురాలూ ఒకే వాకిట్లో ఉండేవి. ఆ ఏడు చలి ముందే దిగింది. నేను పెరట్లో కొట్టం కట్టించాను. మూడు వైపులా ఇటుక గోడ, పైన రేకులు, ముందువైపు గోనెపట్టాల తెర. మంచు లోపలికి రాకూడదని గోడకీ రేకులకీ మధ్య ఉన్న సందుల్లో కూడా గడ్డి కుక్కాను. ఎర్రదాన్ని కూడా అందులోనే కట్టెయ్యమని అన్నకి చెప్పాను. నా కొట్టాన్ని మెచ్చుకుంటాడని ఆశ.

అన్న తెర ఎత్తి లోపలికి చూసి, "బాగానే ఉందిరా. కానీ దీనికి గాలి కావాలి, నడక కావాలి. బీడులోనే వదిలేస్తా" అన్నాడు.

ఆ బీడు రైలు పట్టాల పక్కన ఉండేది. పంతులుద్యోగం చేసి రిటైరైన ఒక మాస్టారిది. పక్కనే మరొకరి మిరప చేను, మధ్యలో ముళ్ళకంప. గుర్రాన్ని తోలుకోమని మాస్టారే అన్నకి చెప్పారు. అన్న రోజూ తెల్లవారి నమాజు చేసుకుని, కాసిని ఉలవలు గుడ్డలో కట్టుకుని అటు వెళ్లేవాడు. మంచులో గుర్రం కనబడేది కాదు. అన్న నాలుకతో చిన్న చప్పుడు చేసేవాడు. ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. నేను తెర ఎత్తితే తెల్లది చెవులైనా కదిలించేది కాదు.

సంక్రాంతి దాటేసరికి ఎర్రదానికి చలికాలపు బొచ్చు ఒత్తుగా వచ్చి ఒళ్ళు నిగనిగలాడసాగింది. నా తెల్లది మాత్రం దగ్గడం మొదలుపెట్టింది. తెర ఎత్తగానే ఉచ్చ వాసనకి నా కళ్ళే మండేవి. అయినా చలి వల్లేననుకుని ఇంకో పట్టా కట్టాను.

ఓ రోజు బ్రాడీపేట నుంచి పెళ్లివాళ్ళు వచ్చారు. నేను తెల్లదాన్ని వాకిట్లోకి తెచ్చాను. అది తల వంచి, ఒళ్ళంతా అదిరేలా దగ్గింది. పెళ్లికొడుకు మేనమామ రెండడుగులు వెనక్కి వేశాడు. సరిగ్గా అప్పుడే అన్న ఎర్రదాన్ని నీళ్ళకి తోలుకొచ్చాడు.

"అదెవరిదండీ?" అన్నాడాయన.

"మా అన్నదండీ. కానీ తెల్లది కాదు కదా."

"తెల్లది కాకపోతే ఏమైందండీ, ఎంత హుషారుగా ఉందో చూడండి!"

ఎర్రదాన్నే మాట్లాడుకుని వెళ్లారు. అన్న నా దగ్గరకొచ్చి, "దీని దగ్గు తగ్గాక నీ బేరాలు నీకే వస్తాయిలేరా" అన్నాడు. అతను ఓదార్చకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు నేను మాస్టారి ఇంటికి వెళ్లాను. అన్న గుర్రం కంప దాటి మిరప చేలో పడుతోందనీ, చేనువాళ్ళు గొడవకొస్తారేమోననీ చెప్పాను. ఒక్క ముక్క కూడా నిజం కాదు. మాస్టారు నా మొహంలోకి కాసేపు చూసి, "అయితే కట్టేసుకోమని చెప్పు" అన్నారు.

గుర్రం చేలో పడుతోందట, కట్టేసుకోమన్నారని మాస్టారి మాటగా అన్నకి చెప్పాను. వినగానే అన్న మిరప చేలోకి పరుగెత్తాడు. నష్టం చేసి ఉంటే ఒప్పుకుందామని సాలు సాలూ తిరిగి చూశాడట. ఒక్క డెక్క గుర్తు కూడా కనబడలేదని నాకే వచ్చి చెప్పాడు. "ఎవరో పొరబడ్డార్రా. మాస్టారి మాట కాదనలేను. కొన్నాళ్ళు నీ కొట్టంలో కట్టేస్తా."

సరేనన్నాను. లోపలి మంట కాస్త చల్లారింది.

ఎర్రది కొట్టంలో నిలవలేకపోయింది. పగలంతా ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి ఊగేది, గోడని తన్నేది. మేత సగం వదిలేసేది. పది రోజులకి అది కూడా దగ్గింది. అన్న చేతిలోని మేత గమేళా కింద పెట్టి దాని మెడ పట్టుకున్నాడు. నేను తెర దగ్గర నిలబడి ఉన్నాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ దగ్గు వినగానే నాకు సంతోషం కలిగింది.

పశువుల డాక్టరు వచ్చి తెర ఎత్తగానే ముక్కు మూసుకున్నాడు. "చలికి రాలేదయ్యా ఈ దగ్గు. దుమ్ము, ఉచ్చ ఘాటు, గాలి ఆడకపోవడం. చలిని గుర్రం తట్టుకుంటుంది, దీన్ని తట్టుకోలేదు. రెండిటినీ బయట వదలండి" అన్నాడు.

ఎక్కడ వదలాలో తెలియక అన్న అరుగు మీద కూలబడ్డాడు. ఇక నేను ఉండలేక మాస్టారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను.

"నాకు తెలుసు. ఆ సాయంత్రమే చేను చూసొచ్చాను. అన్నదమ్ముల మధ్య నేనెందుకని ఊరుకున్నాను. అది నా తప్పు" అన్నారు. రెండిటినీ బీడుకి తోలుకురమ్మన్నారు.

బీడులో వదలగానే ఎర్రది దూరంగా పరుగెత్తింది. తెల్లది తడబడుతూ దాని వెనకే వెళ్లింది. అప్పుడు అన్నకి చెప్పాను, మాస్టారికి లేనిపోనివి చెప్పింది నేనేనని. అన్న గుర్రాలవైపే చూస్తూ, "ఎర్రది దగ్గిన పూట నీ మొహం చూశాన్రా" అన్నాడు. అంతే. తిట్టలేదు. కొట్టినా బాగుండేది.

ఎర్రది నెలకల్లా కోలుకుంది. తెల్లదానికి ఆయాసం పూర్తిగా పోలేదు, దూరపు ఊరేగింపులకి పనికిరాకుండా పోయింది. మరుసటి చలికాలానికి నేను కొట్టం తెర విప్పేసి, గోడలు కూల్చేసి, నాలుగు రాటల మీద రేకులు మాత్రం ఉంచాను. తుఫాను వాన పట్టినప్పుడు గుర్రాలు దాని కింద నిలబడేవి. మిగతా రోజులన్నీ బీడులోనే.

మూడేళ్ళ తర్వాత అన్న చీరాలలో అల్లుడి మగ్గాల పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఎర్రదాన్ని నాకు ఇచ్చేశాడు. "రెండూ కలిసి అలవాటుపడ్డాయి. విడదీయొద్దు" అన్నాడు. ఇన్నేళ్ళుగా నేను కన్నేసిన గుర్రం నాదైంది.

మర్నాడు తెల్లారి ఉలవలు కట్టుకుని బీడుకి వెళ్లి, అన్న చేసినట్టే నాలుకతో చప్పుడు చేశాను. ఎర్రది మంచులోంచి పరుగున వచ్చింది. దగ్గరకొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. చేతిలో ఉలవలు వాసన చూసి, ముట్టుకోకుండా, నా భుజం మీదుగా బాటవైపు చూస్తూ నిలబడింది. వారం రోజులు అంతే. ఆ వారమంతా, ఊళ్ళోనే లేని మా అన్న మీద నేను కుళ్ళుకుంటూనే ఉన్నాను.