నూనెతొట్టి వనజాక్షి

వనజాక్షి సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆమె తిరిగిన దూరమంతా కదిరి, పుట్టపర్తి, కాపురానికి పామిడి, కాన్పుకు ఒకసారి అనంతపురం పెద్దాసుపత్రి. అయినా మూడేళ్ల పాటు ఆమె చేసిన ఉద్యోగం సముద్రం పనే. పుట్టపర్తి రోడ్డులో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, పాత వర్క్‌షాపు షెడ్డులో, నలభై అడుగుల సిమెంటు తొట్టి ఒకటి కట్టారు. అందులో మూడు ట్యాంకర్ల నీళ్లు నింపి పది మూటల ఉప్పు కలిపితే, ఇక దాన్ని సముద్రం అనుకోవాలి. ఒక చివర ఇనుప పలక ఉండేది. మోటారు వేస్తే అది ముందుకూ వెనక్కూ ఊగి అలలు లేపేది. ఆ నీళ్ల మీద ముడిచమురు పోసి, దాన్ని దేనితో పీల్చి తీసెయ్యవచ్చో చూడటమే అక్కడి పరిశోధన. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది.

ఆమె ఊరు నల్లమాడకు ఆరు కిలోమీటర్లు. పది పాసయ్యాక వాళ్ల నాయన పామిడిలో సంబంధం చూశాడు. మొగుడు బెంగళూరు కట్టడం పనులకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వనజాక్షి కూతురు గౌతమిని చంకనేసుకుని తిరిగొచ్చి, చెనిక్కాయ కలుపులకు పోయి, చివరికి ఆ కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది. తొట్టి కట్టినప్పుడు ఊడ్చేదానికని లోపలికి పంపితే, ఆరు నెలల్లో తూకం వేయడం, మోటారు నడపడం, నోటుబుక్కులో రాయడం అన్నీ నేర్చుకుంది. ముడిచమురు వాసన ఆమె చీరల్లోకి, జుట్టులోకి ఎక్కింది. ఊళ్లో అందరూ ఆమెను నూనెతొట్టి వనజాక్షి అనేవారు. ఆమె ఏమీ అనుకునేది కాదు.

ఎందుకంటే మొదటి రోజు దివాకర్ సార్ చూపించిన వీడియో ఆమెకు గుర్తుండిపోయింది. ఆ పరిశోధనకు పెద్ద ఆయనే. సముద్రం నడిమధ్య బావిలో గొట్టం పగిలితే చమురు ఎట్లా పైకి తన్నుకొస్తుందో, ఒడ్డున పక్షులు తారులో ముంచినట్టు ఎట్లా పడి ఉంటాయో అందులో ఉంది. ఒక పక్షి రెక్క ఎత్తబోయి ఎత్తలేక అట్లాగే చూస్తూ ఉండిపోయింది. దాన్ని బాగుచేసే పనిలో తనకూ ఒక చెయ్యి ఉందంటే వనజాక్షికి గొప్పగానే అనిపించింది.

దివాకర్ సార్ నమ్ముకున్నది జిల్లేడు దూదిని. జిల్లేడు కాయ పగిలితే లోపల పట్టులాంటి దూది ఉంటుంది, అది నీటిని వదిలి నూనెను పట్టుకుంటుంది. కరువు నేలలో పనికిరాని చెట్టు సముద్రాన్ని కాపాడుతుందని ఆయన ఎక్కడికి పోయినా చెప్పేవాడు. దూది ఏరే పనికి వనజాక్షి తన ఊరి ఆడవాళ్లనే కుదిర్చింది. వాళ్లకు పెద్ద మారెక్క. వనజాక్షికి వరసకు అత్త. ఎండాకాలమంతా వాళ్లు గట్ల మీద కాయలు తెంపి, పాలు కంట్లో పడకుండా కొంగు కప్పుకుని, మూటలు కట్టి తెచ్చేవారు. ఎంత కప్పుకున్నా పాలు తగిలి చేతులు బొబ్బలెక్కేవి. తూకం వేసేది వనజాక్షే.

దూది మొదట్లో బాగానే పనిచేసింది. నిలిచిన నీళ్ల మీద పరిస్తే చమురును చప్పరించినట్టు పీల్చేసేది. అలలు వేస్తే మాత్రం గంటన్నర తిరక్కుండానే నీళ్లు తాగి, నూనెతో సహా అడుక్కు పోయేది. వనజాక్షి గడియారం చూసి, మునిగింది, మునిగింది, మునిగింది అని పదకొండు సార్లు రాసింది. పరిశోధన విద్యార్థిని పద్మప్రియ ఆ లెక్కలను కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నప్పుడు దివాకర్ సార్ ఆ పదకొండూ వదిలెయ్యమన్నాడు. మోటారు సరిగా లేని రోజులవి అన్నాడు. మోటారుకు రోజూ గ్రీజు పెట్టేది వనజాక్షే. దానికి ఏ రోగమూ లేదు. పెద్ద చదువుల విషయం మనకెందుకులే అని ఆమె ఆ మాట మింగేసింది.

వాడిన నీళ్లన్నీ షెడ్డు వెనక గుంతలోకి పోయేవి. నూనె, ఉప్పు, కుళ్లిన దూది కలిసి అది నల్లటి గంజిలా ఉండేది. దాన్ని శుద్ధిచేసే కంపెనీకి పంపాలని ప్రభుత్వం కాగితంలోనే రాసి ఉంది. మూడో ఏడు కార్తీకంలో ఢిల్లీ కమిటీ తనిఖీకి వస్తోందని కబురు వచ్చేటప్పటికి గుంత పొంగడానికి సిద్ధంగా ఉంది. ఒక సాయంత్రం రెండు ట్యాంకర్లు వచ్చి తోడుకుపోయాయి. మరునాడు కంపెనీ పేరుతో ముద్ర వేసిన రసీదు ఫైలులోకి చేరింది.

మూడో రోజు పొద్దున్నే వనజాక్షి షెడ్డుకు చేరగానే మారెక్క ఫోన్ చేసింది.

"వనజా, కుంట నీళ్లు నీ చీర వాసన వస్తాండాయి మే. ఒగసారి వచ్చి చూసిపో."

వనజాక్షి బస్సు దిగి ఊరి కుంట దాకా పరుగెత్తింది. ఆ ఏడు మంచి వాన పడి కుంట సగానికి పైగా నిండింది. నీటి మీద రంగురంగుల పొర మెరుస్తోంది. ఒడ్డున గడ్డి మొదళ్లకు నల్లటి జిడ్డు అంటుకుంది. పైనుంచి కుంటలోకి నీళ్లు తెచ్చే వంకలో ట్యాంకరు చక్రాల జాడలు ఇంకా ఆరలేదు. గొర్రెల రంగన్న మంద నీటి దగ్గరకు పోయి మూతి పెట్టి వెనక్కి తిరిగిందట. దప్పికకు ఆగలేని రెండు గొర్రెపిల్లలు తాగాయి. ఆ రెండూ గట్టు మీద నురగ కక్కుకుని పడి ఉన్నాయి. వాటిలో ఒకదాని మూతికి జిల్లేడు దూది అతుక్కుని ఉంది. వనజాక్షి వంగి ఆ దూదిని వేళ్లతో తీసింది.

షెడ్డుకు తిరిగొచ్చి ఆమె నేరుగా అడిగింది.

"సార్, ఆ ట్యాంకర్లు యాడ పోసినారు?"

ఆయన మొదట కంపెనీ అన్నాడు. కుంటను చూసి వచ్చానని చెబితే, డ్రైవర్లు దారిలో ఏం చేశారో తనకు తెలియదన్నాడు. తర్వాత లేచి కిటికీ దాకా పోయాడు. తిరిగి చూసేసరికి ఆయన ముఖం తేటగా ఉంది.

"నూనె పడింది, తీసే దూది మన దగ్గరే ఉంది. ఇంతకంటే మంచి ప్రయోగం ఎక్కడ దొరుకుతుంది? పద్మప్రియా, రేపు కెమెరా తీసుకో."

మరునాడు జీపులో పులిహోర పొట్లాలు, ఒంటికి నూనె తగలకుండా వేసుకునే పసుపు కోట్లు, పరిశోధన పేరు రాసిన పెద్ద బోర్డు వచ్చాయి. కోట్లు కాలేజీ వాళ్లకే సరిపోయాయి. ఆడవాళ్లు ఎండాకాలమంతా ఏరిన దూదిని వాళ్ల చేతులకే తిరిగి ఇచ్చి, మోకాటి లోతు నీళ్లలోకి దిగి పరచమన్నారు. గాలి లేదు, అలలు లేవు. దూది నల్లబడుతుంటే మారెక్క వాళ్లు ఆశ్చర్యపోయి చూశారు. తమ కుంటను బాగుచెయ్యడానికి అంత పెద్ద సార్ వచ్చాడని రంగన్న దండం కూడా పెట్టాడు. దివాకర్ సార్ అతని భుజం తట్టాడు. బోర్డు పట్టుకుని నిలబడమని వనజాక్షికి చెప్పారు. కొంచెం నవ్వమన్నారు.

ఆమె నిలబడింది. నవ్వలేదు గానీ బోర్డును వదల్లేదు. ఆ రాత్రి చింతపండు పెట్టి చేతులు తోముకుంది. చమురు ఎంతో కొంత వదిలింది గానీ, దండం పెట్టిన రంగన్నను చూస్తూ నోరు తెరవని తన మీద పుట్టిన రోత మాత్రం వదల్లేదు. నాలుగు రోజులు కూతురికి ముద్ద కూడా కలిపి పెట్టలేకపోయింది.

పదిరోజులకు కమిటీ వచ్చింది. షెడ్డు గోడ మీద కుంట ఫోటోలు తెర అంత పెద్దవి చేసి వేశారు. దారిన పోయే వాహనం నుంచి కారిన నూనెను గ్రామస్థులే దూదితో శుభ్రం చేసుకున్నారని దివాకర్ సార్ వివరించాడు. అందరూ తలలు ఊపారు. విశాఖపట్నం నుంచి వచ్చిన నెరిసిన జుట్టు సైంటిస్టు ఒకావిడ మాత్రం ఫోటోలో బోర్డు పట్టుకున్న మనిషినీ, గోడవారగా నిలబడిన వనజాక్షినీ మార్చి మార్చి చూసి, దగ్గరికి పిలిచింది. అంత నూనె ఒక్క వాహనం నుంచే కారిందా అని అడిగింది.

"మేమే పోసినాం మేడం," అంది వనజాక్షి. "ఈ షెడ్డు ఎనకున్న గుంత నీళ్లే అవి. దూది నూనెను తీసింది, ఉప్పును తీయలేదు. పైన తెల్లగా కనబడతాండాది గానీ ఆ నీళ్లు గొర్రె కూడా ముట్టదు."

దివాకర్ సార్ నవ్వి, ఊడ్చే మనిషికి ఇవన్నీ అర్థం కావని ఇంగ్లీషులో అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు వనజాక్షికి మూడేళ్లలో వచ్చింది. ఇక ఆమె ఆగలేదు. ట్యాంకర్లు ఏ రోజు వచ్చాయో, వంకలో జాడ ఎక్కడుందో, అలలు వేస్తే దూది ఎన్నిసార్లు మునిగిందో వరసగా చెప్పింది. అప్పుడు పద్మప్రియ లేచి, బీరువా వెనక దాచిన, వనజాక్షి రాసిన పాత నోటుబుక్కు తెచ్చి సైంటిస్టు చేతిలో పెట్టింది.

ఆ తర్వాత జరిగినవి మెల్లగా జరిగాయి. కమిటీ పరిశోధనను ఆపేసింది. కుంటను బాగుచెయ్యమని కాలేజీకి రాసింది. కాలేజీ ఒక ట్రాక్టరు మట్టి తోలించి ఫోటో తీసి పంపింది. దూది ఏరే పని పోయిందని ఆడవాళ్లు వనజాక్షి మీదే కోపం పెట్టుకున్నారు. ఒకటో తారీఖు నుంచి రావద్దని ఆమెకూ చెప్పేశారు. దివాకర్ సార్‌ను ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఇంకో కాలేజీకి మారాడు. కొన్ని నెలలకు పద్మప్రియ ఫోనులో ఒక ఫోటో పంపింది. హైదరాబాదులో సముద్ర చమురు భద్రత మీద సభ. వేదిక మీద దివాకర్ సార్, ఆయన వెనక తెర మీద కుంట, బోర్డు పట్టుకుని వనజాక్షి. కింద ప్రజల భాగస్వామ్యం అని రాసి ఉంది. ఆమె ఫోను బోర్లా పెట్టి చాలాసేపు ముట్టుకోలేదు.

ఎండాకాలం ఉపాధి హామీలో ఆ కుంట పూడిక తీసే పని వచ్చింది. వనజాక్షి కూడా పేరు రాయించుకుంది. పార వేస్తే మట్టిలోంచి అదే వాసన లేచింది. ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ఆమెను విడిచి అవతల వైపు తవ్వసాగారు. మధ్యాహ్నం దాకా ఒంటరిగానే తవ్వింది. తర్వాత మారెక్క గంప తెచ్చి పక్కన దింపింది.

"అత్తా, నా మీద కోపం పోయిందా?"

"యాడ పోతాది? ఆ పొద్దే చెప్పింటే మేము ఆ నీళ్లలోకి దిగేవాళ్లం కాదు కదా." గంప ముందుకు తోసింది. "ఎత్తు ఇంగ. ఎండ ముదురుతాండాది."

నూనె ఇంకిన నల్ల మట్టి మోకాలి లోతు దాకా ఉంది. ఇద్దరూ పన్నెండు రోజులు మోశారు. ఆ ఏడు వానలకు కుంట మళ్లీ నిండింది. రంగన్న మాత్రం మందను అవతలి ఊరి కుంటకే తోలుకుపోయాడు.